ఒక్క మాత్రా మానలేదు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్‌ఎం అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. ముప్పై మూడేళ్లు ఏజెన్సీలో చేసి, రిటైరయ్యాక కింద మైదానంలోని మా ఊరికి పోబుద్ధి కాక పాడేరులోనే ఉండిపోయాను. వాళ్లు కాఫీ తాగుతూ అడిగేది ఒకటే. మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏది మేడం, అని. వాగు దాటి పురుడు పోసిన కథో, డోలీ మోసిన కథో చెప్తానని వాళ్ల ఆశ. అలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి. నా రిటైర్మెంటు సన్మానంలో వాటన్నిటినీ మైకులో చెప్పి నన్ను సిగ్గుపడేలా చేశారు కూడా. చెప్పనిది ఒకటుంది; అమ్మాయిలూ, దాన్ని ఇక్కడ మీ కోసం రాస్తున్నాను. అది నేను చాలా శ్రద్ధగా చేసిన పని. నా సర్వీసు మొత్తంలో అంత శ్రద్ధగా మరేదీ చేయలేదు. ఆ శ్రద్ధ వల్లే ఒక బిడ్డ పోయి ఉండొచ్చు.

జి.మాడుగుల దాటి జీపు దిగాక గంటన్నర నడిస్తే వచ్చే కొండ మీది ఊరు ఆ అమ్మాయిది. నేను మొదటిసారి చూసేసరికి పదిహేనేళ్లుంటాయి. మూర్ఛ. నెలకి మూడు నాలుగుసార్లు పడిపోయేది. హాస్టల్లో మంచం మీంచి పడి పన్ను విరిగాక చదువు మానేసి ఇంటికొచ్చేసింది. ఊళ్లో వైద్యం చేసే దిసారి తాడు కట్టాడు, కోడిని కోశాడు, మంచివాడే పాపం, తన చేతనైనంతా చేశాడు. నేను పోయి ఆయనతోనే మాట్లాడాను. మీ తాడు తీయను, నా మాత్ర కూడా పక్కన ఉండనివ్వండి అన్నాను. ఆయన ఒప్పుకున్నాక ఊరు ఒప్పుకుంది.

విశాఖ పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు మాత్ర రాసి, ఒక్క పూట మానినా మళ్లీ పడిపోతావని ఆ పిల్లకి గట్టిగా చెప్పి, ఏడాదికోసారి తీసుకురమ్మని నాకు చెప్పాడు. ఆ మాత్ర పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు చదివి ఇంట్లో ఉన్నది తీసి పారేస్తారు. అలా చేయకండి. మూర్ఛ మందు ఉన్నపళంగా మానితే ప్రాణం మీదికి వస్తుంది.

మాత్రలు మింగించడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఇచ్చినవన్నీ మింగామంటారు, పై కప్పులో దోపిన షీట్లు గాలికి కింద పడుతుంటాయి. అందుకని ఆ అమ్మాయికి నేనొక పద్ధతి పెట్టాను. ఖాళీ షీటు ఇస్తేనే కొత్త షీటు. ఖాళీ దాన్ని వెలుతురుకెత్తి చూసి, ప్రతి గుంటా పగిలి ఉందో లేదో బొటనవేలితో తడిమి, అప్పుడు కొత్తది చేతిలో పెట్టేదాన్ని. మా సెంటర్లో మేల్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు, నాకంటే రెండేళ్లు సీనియరు. మేస్త్రీ కూలీల పని కొలిచినట్టు కొలుస్తున్నావమ్మా అని ఎగతాళి చేసేవాడు. చేస్తే చేశాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పిల్ల పడిపోవడం ఆగిపోయింది. రెండేళ్లకి తల్లితో పాటు కాఫీ తోటలో పనికి పోతోంది. మీటింగుల్లో ఆ కేసు చెప్పుకుని నేను పొంగిపోయేదాన్ని.

మొదటి రెండేళ్లూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. తర్వాత బస్సులు, వర్షాలు, నా సర్వేలు. బాగానే ఉంది కదా అని మా ఆసుపత్రిలోనే పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ చీటీ వానకి తడిసి చిరిగిపోతోందని ఒకరోజు సంతలో జిరాక్సు షాపులో లామినేషన్ కూడా చేయించాను. తెలివైన పని చేశాననుకున్నాను. దాని మీద ఇంక ఏ డాక్టరూ కొత్తగా ఒక్క ముక్క రాయలేడని అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లోనే పాడేరులో ఒక శిక్షణ తరగతి పెట్టారు. మీకూ పెడతారు కదా, పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం భోజనం, మధ్యలో తెర మీద బొమ్మలు. నేను ఎప్పటిలాగే వెనక కుర్చీలో కూర్చుని నెలాఖరు రిపోర్టులు నింపుకుంటున్నాను. ముందున్న డాక్టరు ఏదో చెప్తుంటే నాలుగు ముక్కలు నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆ ముక్కలేమిటో తర్వాత చెప్తాను. రాసుకుంటే చేసేసినట్టే అనుకునే జాతి మాది, మీరు అలా తయారవకండి.

ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లొచ్చాక వాగవతల ఊరి కుర్రాడితో పెళ్లయింది. మంచి కుర్రాడు, మూర్ఛ సంగతి తెలిసే చేసుకున్నాడు. ఆ ఊరు కూడా నా పరిధిలోదే, కాకపోతే వాగు పొంగితే నెల రోజులు పోలేం. పెళ్లికి వెళ్లి మూడు నెలల మాత్రలు ఒకేసారి సంచిలో పెట్టి ఇచ్చాను. ఖాళీ షీట్లు పారేయకు, దాచి ఉంచు, నేను వచ్చినప్పుడు చూస్తాను అని చెప్పాను. అత్తగారిని పిలిచి, మీ కోడలు నా మాట ఒక్కటి కూడా జవదాటదు అని గొప్పగా పరిచయం చేశాను. తర్వాత మాత్రలు ఆశా కార్యకర్త చేత పంపడమే కానీ, నేను పోయి షీట్లు చూసింది లేదు. అంత నమ్మకం.

ఏడాది తిరిగాక మాఘమాసంలో సంతలో కనిపించింది. చీర కొంగు అడ్డం పెట్టుకుంది కానీ నా కంటికి తెలిసిపోయింది. ఎన్నో నెల అంటే నాలుగో నెల అంది. మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పరు అక్కడ. గాలి సోకుతుందని భయం. నేను కోప్పడి అక్కడే పేరు రాసి, ఫోలిక్ మాత్రలూ ఐరన్ మాత్రలూ చేతిలో పెట్టాను. పేరు నమోదైతేనే ఆ మాత్రలు ఇవ్వాలి, అది మా పద్ధతి. ఆ కొండల్లో చిక్కుడు కొత్త అని ఒక పండుగ చేస్తారు. కొత్త కాపు ముందు దేవతకి పెట్టి, అప్పుడు ఊరంతా తింటారు. ఆ రోజు దాకా చెట్టు నిండా కాయలున్నా ఎవరూ ముట్టరు. మాది కూడా అలాంటి నిష్ఠే, కాకపోతే మాకు రిజిస్టరే దేవత.

ఐదో నెలలో స్కానింగుకి పాడేరు తీసుకెళ్లాను. స్కాన్ చేసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి.  బిడ్డ వీపు దగ్గర యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది. ఈమె ఏమైనా మందులు వాడుతోందా అని అడిగింది. నేను ఉత్సాహంగా నా సంచిలోంచి లామినేషన్ చీటీ తీసి ఇచ్చాను. ఒక్క పూట కూడా మానదు మేడం, నాది పూచీ, అన్నాను.

ఆవిడ ఆ చీటీ చదివింది. తర్వాత అమ్మాయిని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. కేకలేస్తుందనుకున్నాను. కేకలేయలేదు, బల్ల మీదున్న తెల్ల కాగితం తీసుకుని చూపించింది. గర్భం నిలిచిన మూడో వారంలో బిడ్డ వీపు వైపు ఇలా పలచని రేకులా ఉంటుందట. దాని మధ్యన గాడి పడుతుంది. రెండంచులూ పైకి లేచి, ఒకదాన్నొకటి అందుకుని, గొట్టంలా మూసుకుంటాయి. పై కొస మెదడవుతుంది, కిందిదంతా వెన్నుపాము. ఆ గొట్టం గోడలోంచే నరాల కణాలు లక్షలకి లక్షలు పుట్టి, ఒక్కొక్కటీ తన చోటికి పాక్కుంటూ పోయి, అక్కడి నుంచి తీగ చాపి పక్కదాన్ని అందుకుంటుంది. మనం నవ్వేది, నడిచేది, ఈ మాట గుర్తుపెట్టుకునేది అంతా ఆ అల్లికే. ఇరవై ఎనిమిదో రోజుకల్లా గొట్టం రెండు కొసలూ మూసుకుపోవాలి. అంటే నెల తప్పి రెండు వారాలయ్యేసరికే పనైపోతుంది. ఈ బిడ్డకి కింది కొస మూసుకోలేదు.

ఈ మాత్ర ఆ మూసుకోవడానికి అడ్డం పడే అవకాశం ఉందని, అందుకే పెళ్లి కావలసిన ఆడపిల్లలకి ముందే డాక్టరు చేత మందు మార్పించాలని, ఫోలిక్ మాత్ర గర్భం రాకముందు నుంచే వేయాలని ఆవిడ చెప్పింది. మందు లేకపోయినా కొందరికి ఇలా అవుతుంది, ఇదే కారణమని ఖాయంగా చెప్పలేం అని కూడా అంది. ఆ చివరి మాట పట్టుకుని నేను చాలా రోజులు వేలాడాను. ఆవిడ ఇంకొకటి కూడా చెప్పింది. ఈ సంగతి ఆ అమ్మాయికి మీరే చెప్పండి, మీ మాట వింటుంది, మాత్ర మాత్రం తనంతట తాను ఆపకుండా చూడండి, అని. సరే మేడం అన్నాను.

చెప్పలేదు. వెన్నులో లోపం ఉందని చెప్పాను. ఉంచుకోవాలో వద్దో మీ ఇష్టమని డాక్టరమ్మ చెప్పిన మాటా చెప్పాను. కడుపులో కదులుతోంది నర్సమ్మా, ఉంచుతాను, అంది. ఎందుకిలా అయిందని మొగుడు అడిగితే, కొందరికి ఇలా జరుగుతుంది నాయనా అన్నాను. నిజం చెప్తే మాత్ర విసిరికొట్టి, మూర్ఛొచ్చి ఏ పొయ్యిలోనో పడుతుందని భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం నిజమే. దాని చాటున ఇంకో భయం కూడా ఉంది, నా పేరు పోతుందని.

ఆ రోజు ఇంటికొచ్చి పాత నోటుబుక్కు వెతికాను. శిక్షణ తరగతిలో రాసుకున్న ముక్కలు అలాగే ఉన్నాయి, నా దస్తూరీలోనే. మూర్ఛ మందు, ఆడపిల్లలు, పెళ్లికి ముందు డాక్టరు, ఫోలిక్. కింద గీత కూడా గీశాను. మర్నాడు ఆ పేజీ మేల్ అసిస్టెంటుకి చూపించాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన చదివి పుస్తకం మూసి, నా చేతిలో పెట్టి, నేనూ ఆ క్లాసులోనే ఉన్నానమ్మా అన్నాడు. 

శ్రావణంలో విశాఖలో పురుడైంది. మగబిడ్డ. మొహం చక్కగా ఉంది, నడుం దగ్గర మాత్రం తోలు లేకుండా పలచని పొరతో ఒక బుడిపె. కాళ్లు కదపలేదు. ఆపరేషన్ చేశారు. డాక్టర్లు చేతనైనంతా చేశారు, నేను చూశాను. ఆ అమ్మాయి గాజు తలుపు బయట నిలబడి, లోపల గొట్టాల మధ్య ఉన్న బిడ్డకి వినపడుతుందన్నట్టు వాళ్ల భాషలో ఏదో సన్నగా పాడుతుండేది. ఇరవై మూడో రోజున మెదడుకి జ్వరమెక్కి బిడ్డ పోయాడు. అంబులెన్సులో రోడ్డు చివరి దాకా తెచ్చి, అక్కడి నుంచి తండ్రి చేతుల మీద ఎత్తుకుని వానలో నడిచాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఆ ఊరికి పోలేదు. వాగు పొంగిందని రిపోర్టులో రాశాను. వాగు ఆశ్వయుజంలోనే తగ్గిపోయింది. ఆశా వచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేది. ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడట్లేదని, అందరూ తిన్నాకే తింటోందని. ఒకసారి ఇంకో మాట చెప్పింది. పోయినేడు కొత్త పండుగ కాకుండానే దొంగతనంగా చిక్కుడుకాయలు తిన్నానని, అందుకే బిడ్డ వీపు తెరుచుకుందని, తనే ఊరి పెద్దల ముందు ఒప్పుకుందట. వాళ్లు కోడిని కోసి శాంతి చేయించి, అయిపోయిందమ్మా, మరిచిపో అన్నారట. ఆమె మరిచిపోలేదు. ఈ ఏడు నేను చిక్కుడు ముట్టను అని ఒట్టేసుకుందట.

 నా తప్పుని ఆ పిల్ల ఎత్తుకుని తిరుగుతోంది.

పుష్యమాసంలో వాళ్ల చిక్కుడు కొత్త రోజునే వెళ్లాను. కావాలని ఆ రోజు ఎంచుకున్నాననుకోకండి, ఇంకొక్క రోజు ఆగితే మళ్లీ ఏదో సాకు దొరుకుతుందని తెలిసి బయల్దేరాను. ఊరంతా సందడిగా ఉంది. దేవతకి పెట్టడం అయిపోయింది, కుండల్లో చిక్కుడు ఉడికిన వాసన. అందరూ వరసగా కూర్చుని తింటుంటే ఆమె ఇంటి పక్కన అరుగు మీద ఒక్కతే అడ్డాకులు కుట్టుకుంటోంది. అత్తగారు రెండుసార్లు పిలిచింది, రానంది. చిక్కిపోయి, ఇరవయ్యొక్క ఏళ్లకే నలభై ఏళ్ల మనిషిలా ఉంది.

పక్కన కూర్చుని అత్తగారినీ మొగుణ్నీ పిలిచాను. చెప్పాల్సింది ముగ్గురికీ ఒకేసారి చెప్పాలనుకున్నాను. ఒక అడ్డాకు తీసుకుని, డాక్టరమ్మ కాగితంతో చూపించినట్టే చూపించాను. ఇలా రేకులా ఉంటుంది, అంచులు లేచి ఇలా మూసుకుంటాయి, మన బిడ్డకి ఈ కింది కొస మూసుకోలేదు. అంచులు దగ్గరికి లాగేసరికి ఆకు చిరిగింది. ఆమె తన ఒళ్లోంచి ఇంకో ఆకు తీసి ఇచ్చింది.

"ఎన్ని దినాలకి మూసుకుంతాది?" అని అడిగింది. సంతలో కనిపించిన తర్వాత తనంతట తను నన్ను అడిగిన మొదటి మాట అది.

"గర్భం నిలిచాక ఇరవై ఎనిమిది రోజుల్లో."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నెలలు, అమావాస్యలు, కోతలు. లెక్క అయ్యాక, "నేను సిక్కుడు తిన్నది ఆ తరవాత," అంది. "వాంతులవుతుంటే తిన్నాను. అప్పటికి మూసుకోవాల్సింది మూసుకునీసే ఉంతాది."

"అవును. చిక్కుడు వల్ల కానే కాదు. అది మంచి తిండి."

"మరి ఏటి సేసింది?"

అప్పుడు చెప్పాను. నేను ఇచ్చిన మాత్ర వల్ల అయి ఉండొచ్చని, ఖాయంగా చెప్పలేమని, పెళ్లికి ముందే మందు మార్పించాలని నాకు చెప్పారని, నేను రాసుకుని మరిచిపోయానని, స్కానింగు రోజు నుంచి తెలిసే దాచానని. ఒక్కటీ వదలకుండా చెప్పాను. మొగుడు లేచి వెళ్లి ఇంటి వెనక నిలబడ్డాడు. 

"మానితే పడిపోతాను," అంది ఆమె. "మింగితే గుంటడు పోయినాడు. ఇప్పుడు నన్నేటి సెయ్యమంతావు నర్సమ్మా?"

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని, కొద్దికొద్దిగా వేరే మందులోకి మారుస్తారని, అప్పటిదాకా మానొద్దని చెప్పాను.  ఆమె లేచి లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న ఒక దండ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నారతాడుకి గుచ్చిన ఖాళీ మాత్రల షీట్లు. పెళ్లయిన రోజు నుంచి అప్పటిదాకా వాడినవన్నీ, పొగకి నల్లబడి, ఒకదాని వెనక ఒకటి.

"నువ్వు సూస్తానన్నావు. నేదు, రానేదు," అంది. "ఒక్కటీ మాననేదు. సూసుకో."

అత్తగారు అంతా విని లేచింది. ఆకు వేసి, అన్నం పెట్టి, ఉడికిన చిక్కుడు వడ్డించి కోడలి ముందు పెట్టింది. "తినీవే, కొత్త దేవతకేటీ కోపం నేదు నీ మీద," అంది. ఆ అమ్మాయి వంచిన తల ఎత్తకుండా నెమ్మదిగా తింది. ఆ కొండల మీద ఏ పండుగ రోజు ఏ ఇంటికి పోయినా తినకుండా పంపరు. ముప్పై మూడేళ్లలో నాకు ఎవరూ ఆకు వేయనిది ఆ ఒక్క పూటే. నేను దండ తీసుకుని వాగు దాటి వచ్చేశాను.

మరుసటి వారం వాళ్లిద్దరినీ విశాఖ తీసుకెళ్లాను. మందు మార్చారు. మార్చేటప్పుడు రెండుసార్లు పడిపోయింది, రెండోసారి పొయ్యి దగ్గర, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇప్పుడు బాగానే ఉంది, పడిపోవడం లేదు. ఈసారి భయం లేదు, ముందు నుంచి ఫోలిక్ వేసుకుని బిడ్డని కనొచ్చని డాక్టరు చెప్పినా వద్దంది. నాతో మాట్లాడుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. నేను రిటైరయ్యేదాకా నేనిచ్చిన మాత్రని మాత్రం ఆశా చేతికి ఇప్పించి, ఆశా చేతి మీదుగా తీసుకునేది.

మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. మూర్ఛ మందు వాడే ఆడపిల్ల మీ ఊళ్లో ఉంటే, పెళ్లి మాట వినపడగానే డాక్టరు దగ్గరికి నడిపించండి. ఫోలిక్ మాత్రకి రిజిస్టరు అడ్డం పెట్టకండి. రాసుకున్నవి నెలకోసారైనా తిప్పి చదవండి.

ఆ దండ నా దగ్గరే ఉంది. తెచ్చిన రోజే గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క షీటూ వెలుతురుకెత్తి, నా పాత అలవాటు ప్రకారం ప్రతి గుంటా బొటనవేలితో తడిమి చూశాను. గర్భం నిలిచిన ఆ నెలలో నాలుగు మాత్రలైనా మానేసి ఉంటే బాగుండునని, అప్పుడు బిడ్డ నా మాత్ర వల్ల పోలేదని అనుకోవడానికి నాకు కాస్త చోటు దొరుకుతుందని వెతికాను. చీకటి పడేదాకా వెతికాను. ఒక్క గుంట కూడా పగలకుండా లేదు.